చెయ్యి జారే బాబాయ్

బట్టల షాపులో దుప్పట్లు అమ్మే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. మోకాళ్ల నొప్పికి కాసేపు ఈ కాలి మీద, కాసేపు ఆ కాలి మీద బరువు మోపుతూ నిలబడతాడు. షాపు మొత్తానికి ఉన్నది ఒక్క స్టూలు, అదీ మడత బల్ల దగ్గర. బట్టలు మడతపెట్టేవాళ్లు తప్ప దాని మీద ఎవరూ కూర్చోకూడదని మేనేజరు రూలు. కర్టెన్లు అమ్మే అమ్మాయికి ఏడో నెల వచ్చాక బాబాయ్ చేతికి ఏమైందో ఏమో, ఆమె పాదాలు వాచినప్పుడల్లా ఒక దొంతర దభీమని కూలేది. తనే ఏరి బల్ల మీద వేసి, "అమ్మాయ్, కాస్త మడతపెట్టి పుణ్యం కట్టుకో" అనేవాడు. ఆమె కూర్చుని నింపాదిగా మడతపెట్టేది. "వయసొచ్చింది గానీ పని రాలేదయ్యా నీకు!" అని మేనేజరు ఎగిరిపడితే, బుర్ర గోక్కుని, "చెయ్యి జారింది సార్" అనేవాడు.

కాన్పయ్యాక ఆ అమ్మాయి మళ్లీ పనిలో చేరింది. మొదటి రోజే, మేనేజరు కళ్లెదుటే, ఒక అరలోని దుప్పట్లన్నీ మోచేత్తో కింద పడేసింది. "నువ్వూ తయారయ్యావా!" అని ఆయన గుడ్లురిమాడు. "చెయ్యి జారింది సార్" అంటూ అన్నీ ఏరి బల్ల మీద వేసి, "బాబాయ్, మీ మడత నాకు రాదు. కాస్త చూడరూ?" అంది. బాబాయ్ దుప్పట్ల వంక చూశాడు, ఆమె వంక చూశాడు. మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి దుప్పటి పొందిగ్గా మడతపెట్టి, నలిగిందంటూ విప్పి, మళ్లీ మొదలుపెట్టాడు.