తాయిస్తో బొటనవేలు

ఫిన్లాండులో మా సాలో అనే ఊళ్లో తాయిస్తో అనే అతను ఏ మీటనైనా మూడుసార్లు నొక్కుతాడు. బస్సు ఆపమనే గంటైనా, కాఫీ మిషనైనా అంతే. ఇక్కడ ఫోన్ల ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఇరవై రెండేళ్లు అతని పని అదే. వరసలో వచ్చిన ప్రతి ఫోను మీటల్నీ కుడి బొటనవేలితో మూడేసిసార్లు నొక్కి, తల కాస్త వంచి టిక్కుమనే చప్పుడు వినేవాడు. ఫ్యాక్టరీ మూతపడి పన్నెండేళ్లయినా ఆ తల వంపు పోలేదు.

మొన్న శనివారం లైబ్రరీలో కొత్త ఫోను చూపించారు. లోపలి సిస్టమ్ మన ఫిన్లాండు వాళ్లే రాశారట. వచ్చే వసంతం నుంచి ఫోన్లు బిగించేది మా ఊళ్లోనేనట. పాతవాళ్లని పనికి పిలుస్తారని కూడా అనుకుంటున్నారు. తాయిస్తో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

"ఏం తాయిస్తో, పెళ్లిచూపులకొచ్చావా?" అంది, ఒకప్పుడు పక్క బల్ల దగ్గర పనిచేసిన సిర్కా. అతను నవ్వలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఫోను చూపించే అమ్మాయి, "వేలు ఇక్కడ పెట్టండి, ఇక మిమ్మల్ని గుర్తుపడుతుంది" అంది. తాయిస్తో కుడి బొటనవేలు పెట్టాడు. ఫోను ఒప్పుకోలేదు. చొక్కాకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. మూడోసారీ కాకపోయేసరికి, ఆమె ఆ వేలిని వెలుతురుకి తిప్పి చూసింది. ఒక్క గీతా లేదు. గులకరాయిలా నున్నగా ఉంది.

"ఇంతలా అరిగిపోయిందేంటండీ? ఏం పని చేసేవారు?"

"ఫోన్ల పనే."

ఆమె ఫోనుని అతని ఎడమచేతి వైపు జరిపింది. "పోనీ, ఎడమచేతి వేలు పెట్టి చూడండి."

"వద్దులేమ్మా. పని చేసింది ఇది" అని తాయిస్తో ఆ వేలిని పిడికిట్లో దాచుకున్నాడు.