ప్రసన్నకుమారి గారి దరఖాస్తు

2023 వర్షాకాలం. అమలాపురంలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ సెంటరు పై అంతస్తులో, నెలకో ఆదివారం మధ్యాహ్నం మేము పది పన్నెండు మందిమి కలిసేవాళ్ళం. అందరం వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసేవాళ్ళమే. కొందరు హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచే పనిచేస్తున్నవాళ్ళు. కొందరు నాలాగా ఇక్కడి స్కూళ్ళకీ, ఆసుపత్రులకీ, కొబ్బరి వ్యాపారులకీ సైట్లు చేసిపెట్టేవాళ్ళు. ఇలాంటి కలయికను మా వృత్తిలో మీటప్ అంటారు. ఆ నెలలో నేర్చుకున్న కొత్త సంగతిని ఎవరో ఒకరు తెర మీద చూపిస్తారు. మిగతావాళ్ళు ప్రశ్నలడుగుతారు. తర్వాత టీ, బజ్జీలు.

ఆ మీటప్ మొదలుపెట్టింది నేనే. పొద్దున్నే లేచి కొందరు పేపరు చూసినట్టు నేను కొత్త టూల్ ఏం వచ్చిందో చూస్తాను. వచ్చిందంటే దాన్ని ఎక్కడో ఒకచోట వాడేదాకా చేతులు ఊరుకోవు. ఆ జూలైలో అలా ఒక కొత్త లైబ్రరీ నా కంటపడింది. లైబ్రరీ అంటే ఎవరో ముందే తయారుచేసి పెట్టిన ముక్కలు, తెచ్చి మన పేజీలో అమర్చుకోవడమే. అందులో డేట్ పికర్, అంటే తేదీ ఎంచుకోవడానికి తెరుచుకునే క్యాలెండరు, నాకు మరీ నచ్చింది. నొక్కితే పువ్వు విచ్చుకున్నట్టు మెల్లగా తెరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు టీచర్ల ఉద్యోగాలకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం చేసిపెట్టమన్నారు. ఇంకేం, మొత్తం ఫారం ఆ లైబ్రరీతోనే కట్టేశాను. పేజీ అడుగున నా పేరు, మా మీటప్ వివరాలు కూడా వేసుకున్నాను.

ఆ నెల మీటప్‌లో చూపించింది ఆ ఫారాన్నే. రెండింటికి మొదలుపెట్టి అరగంట మాట్లాడాను. క్యాలెండరు విచ్చుకున్నప్పుడు చప్పట్లు కొట్టారు. ప్రశ్నలుంటే అడగమన్నాను. చివరి వరుసలో నేను అంతకుముందెప్పుడూ చూడనావిడ చెయ్యెత్తారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నీలం నేత చీర, ఒళ్ళో లాప్‌టాప్ బ్యాగు, కుర్చీకి ఆనించి మడిచిపెట్టిన తెల్లకర్ర.

"నా పేరు ప్రసన్నకుమారండి. రాజోలు నుంచి వచ్చేను. సోషల్ టీచర్ని. మీరిందాకట్నుంచి ఇక్కడ చూడండి, ఇక్కడ చూడండి అంటున్నారు. ఆ క్యాలెండరు నాకు కనపడదు సరే, నా లాప్‌టాప్‌కి కూడా కనపడలేదండి. నాలుగు రోజుల నుంచి ప్రయత్నిస్తున్నాను."

నేను ఆ రోజు మొదట అన్న మాట ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. "మీ సాఫ్ట్‌వేర్ పాతదేమోనండి. అప్‌డేట్ చేశారా?"

"ఆయ్, పోయిన వారమే చేసేనండి. వినిపించమంటారా?"

ఆవిడ ముందుకొచ్చి లాప్‌టాప్ తెరిచి, ఇయర్‌ఫోన్ తీసేశారు. అందులో ఉన్నది స్క్రీన్ రీడర్, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. అది ఎంత వేగంగా మాట్లాడిందంటే మాలో ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఉండండి, మీ స్పీడుకి తగ్గిస్తాను" అన్నారావిడ నవ్వుతూ.

చూపులేనివారు మౌస్ వాడరు. ట్యాబ్ కీ నొక్కుతూ ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్తారు. ఆవిడ నొక్కారు. "పేరు" అంది యంత్రం. మళ్ళీ నొక్కారు. "ఫోన్ నంబరు" అంది. ఇంకోసారి నొక్కారు. పుట్టిన తేదీ, సబ్జెక్టు, పంపే బటన్, అన్నిటినీ దాటేసి పేజీ అడుక్కి పోయింది. "రూపకల్పన ఫణి. ప్రతి నెలా జరిగే మా మీటప్‌కు రండి."

"అదిగోనండి, మీ పేరు మాత్రం శుభ్రంగా చదువుతుంది. రమ్మంది కదాని వచ్చేను."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వెంటనే ఫారం కోడ్ తెరిచాను. చూస్తే ఆ లైబ్రరీలో బటన్లు బటన్లు కావు. బటన్‌లా రంగు వేసిన ఉత్తి డబ్బాలు. కంటికి బటన్, కీబోర్డుకి గోడ.

"గడువు ఎప్పటిదాకా అండీ?" అడిగింది లావణ్య. బండారులంక అమ్మాయి, ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టరు. మా మీటప్‌లో ఎక్కువ మాట్లాడదు.

"ఇవాళ అయిదింటిదాకానమ్మా."

గోడ గడియారం మూడుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

నాకు వెంటనే తోచింది చెప్పాను. "మీరు వివరాలు చెప్పండి, నేనే నింపి పంపేస్తాను. అయిదు నిమిషాల పని."

"మా తమ్ముడూ నింపగలడండి. స్కూలాఫీసుకి ఫోన్ చేస్తే వాళ్ళూ అదే అన్నారు, ఎవరిచేతైనా నింపించెయ్యండమ్మా అని. ఆమాత్రం దానికి బస్సెక్కి ఇంతదూరం రావక్కర్లేదు కదా. రేపు పిల్లల మార్కులు ఎక్కించాలన్నా ఆన్‌లైనే. అప్పుడు ఎవరిచేత నింపించను?"

"పోనీ, స్కూలు కరస్పాండెంట్ గారికి చెప్పి గడువు పెంచమంటాను."

"వద్దండి బాబూ. నాకోసం పెంచేరంటే రేపు ఇంటర్వ్యూలో నా పాఠం వినరు, ఆ సంగతే మాట్లాడతారు."

ఇక చేయవలసింది ఒక్కటే మిగిలింది. కరస్పాండెంట్ గారికి ఫోన్ చేసి, ఫారంలో ఒక తప్పు దొర్లింది, ఇప్పుడే సరిచేస్తానని చెప్పాను. "పంపినవాళ్ళవి చెడిపోకుండా చూడండి" అన్నారాయన. టీ తాగి వెళ్ళిపోవాల్సినవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. ఒకరు అప్పటిదాకా వచ్చిన దరఖాస్తులకు కాపీ తీసి దాచారు. లావణ్య ఫారంలో ఉన్న గడులన్నీ కాగితం మీద రాసుకుంది.

నేను మాత్రం ఆ లైబ్రరీని వదలలేకపోయాను. దానికే అతుకులు వేస్తూ కూర్చున్నాను. ఒక చోట కుదిర్తే ఇంకో చోట ఊడుతోంది. క్యాలెండరు దాకా ట్యాబ్ వెళ్ళేలా చేశాను, లోపలికి వెళ్ళాక బయటికి రావడం లేదు. ముప్పావు గంట అలా పోయింది. లావణ్య నా వెనక నిలబడి చాలాసేపు చూసింది.

"తీసెయ్యండి అన్నయ్యా" అంది.

"ఏది?"

"మొత్తం. బ్రౌజరులో మామూలు తేదీ గడి ఉంటుంది కదా. మామూలు బటన్ ఉంటుంది. అవి ఎప్పట్నుంచో చక్కగా చదువుతాయి. ఈ పువ్వు కోసం ఎందుకింత అవస్థ?"

చప్పట్లు కొట్టించుకున్న ముక్కను అందరి ముందూ నా చేత్తోనే తీసెయ్యడం కష్టంగానే అనిపించింది. అయినా తీసేశాను. దాని స్థానంలో సాదా గడులు పెట్టాను. ప్రతి గడికీ లేబుల్, అంటే ఇది ఫలానా అని యంత్రానికి చెప్పే పేరు, లావణ్య కాగితం చూసి ఒక్కొక్కటే రాశాను. నాలుగుంపావుకి ఫారం మళ్ళీ సైట్‌లోకి ఎక్కించాను. చూడ్డానికి పదేళ్ళ కిందటి పేజీలా ఉంది.

ప్రసన్నకుమారి గారు ట్యాబ్ నొక్కారు. పేరు. ఫోన్ నంబరు. పుట్టిన తేదీ. సబ్జెక్టు. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు, వేళ్ళు మాత్రం వేగం అందుకున్నాయి. మా కోసం తగ్గించిన స్పీడు మళ్ళీ పెంచేసుకున్నారు. అంతా నింపి, పంపు అన్న బటన్ నొక్కారు.

ఏమీ వినిపించలేదు. మళ్ళీ నొక్కారు. ఏమీ లేదు.

"వెళ్ళిందాండీ?"

తెర చూశాను. పిన్‌కోడ్‌లో ఒక అంకె తక్కువైంది. "ఆ గడి ఎర్రగా అయిందండీ, అంటే..." అని ఆగిపోయాను.

"ఎర్రగా అయితే నాకెలా తెలుస్తుందండి ఫణిగారూ?" అన్నారావిడ. అందులో కోపం లేదు. తరగతిలో తప్పు లెక్క చేసిన పిల్లాణ్ణి ఇంకోసారి ఆలోచించమన్నట్టుంది.

తప్పు ఎక్కడుందో మాటల్లో రాసి, యంత్రం దాన్ని వెంటనే చదివేలా చేయడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. లావణ్య పక్కన కూర్చుని ఒక్కో వరుసా పైకి చదివింది. అయిదుకి పన్నెండు నిమిషాలుందనగా ప్రసన్నకుమారి గారు మళ్ళీ పంపు నొక్కారు. "పిన్‌కోడ్‌లో ఆరు అంకెలుండాలి" అంది యంత్రం. ఆవిడ దిద్దుకుని ఇంకోసారి నొక్కారు.

"మీ దరఖాస్తు అందింది."

ఆవిడ వెంటనే లేవలేదు. వెనక్కి వెళ్ళి ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివించుకుని విన్నారు. "ఆయ్, అందిందంటండి" అన్నారు మాకేసి తిరిగి. ఎవరో ఈల వేశారు. చల్లారిపోయిన బజ్జీలు అందరం కలిసి తిన్నాం. బస్‌స్టాండు దాకా ఆవిణ్ణి లావణ్య స్కూటీ మీద తీసుకెళ్ళింది.

ఇంటర్వ్యూకి పిలిచారు. ఎనిమిదో తరగతికి పాఠం చెప్పించుకున్నారు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. ఆ సంగతి ఆవిడే ఫోన్ చేసి చెప్పారు. అంత శ్రమా వృథా అయిందండీ అన్నాను.

"వృథా ఏంటండి? ఇదివరకు దరఖాస్తు దగ్గరే ఆగిపోయేదాన్ని. ఈసారి నా పాఠం విని కాదన్నారు. మ్యాపులు చెప్పడంలో తడబడ్డానన్నారు, నిజమే, తడబడ్డాను. అది నేను బాగుచేసుకోగలను."

బాగుచేసుకున్నారు కూడా. మరుసటి ఏడాది కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో చేరారు. చేతితో తడిమి తెలుసుకునేలా అట్టముక్కలు, దారాలతో మ్యాపులు చేసి పాఠం చెబుతున్నారట. పిల్లలు వాటి కోసం కొట్టుకుంటున్నారని చెప్పినప్పుడు ఆవిడ గొంతులో కాస్త గర్వం వినిపించింది.

మీటప్‌కి ఇప్పటికీ వస్తారు. కొత్త పరికరాల మీద నా మోజు తగ్గిందని చెప్తే అబద్ధమవుతుంది. కాకపోతే ఆవిడ ముందు కూర్చుని ఉంటే 'ఇక్కడ చూడండి' అని సరిపెట్టుకోవడం కుదరదు. అది ఏమిటో, దేనికో, ఎవరికి ఏ పని తేలిక చేస్తుందో నోటితో చెప్పాలి. అలా చెప్పడం మొదలుపెట్టాకే తెలిసింది, నేను ముచ్చటపడిన వాటిలో సగానికి చెప్పడానికేమీ లేదని. తళుకు తీసేస్తే లోపల పనేమీ లేదు. అలాంటివి ఇంట్లోనే వదిలేసి, చెప్పగలిగినవే తీసుకెళ్తున్నాను. పోయిన నెల ఒక చిన్న టూల్ గురించి పది నిమిషాలు మాట్లాడి ఆపేసరికి, అందరికంటే ముందు ఆవిడే అన్నారు:

"ఇది బాగుందండి. నాకూ నేర్పండి."