ఏప్రన్ కింద చేతులు

హెరెస్ ఊళ్ళో, సంతియాగో పేటలో, ఫ్రాస్కా చప్పట్లు కొట్టని పాట పాట కిందే లెక్క కాదు. ఆవిడ మార్కెట్ గోడ వారగా కూర్చుని చలికాలం ముళ్ళ ఆకుకూర, ఎండలు ముదిరాక నత్తలు అమ్మేది. ముళ్ళు గీరీ గీరీ అరచేతులు మొద్దుబారిపోయాయి. అయినా ఆ చేతుల తాళం కోసం ఏ పెళ్ళివారైనా గుమ్మంలోకి వచ్చి బతిమాలాల్సిందే. పాట నచ్చకపోతే మాత్రం చేతులు రెండూ ఏప్రన్ కిందకి తోసేసేది. ఇంకేమీ అనేది కాదు. పాడేవాడే గొంతు బాగాలేదని ఏదో వంక పెట్టి బయటికి నడిచేవాడు.

ఆ ఏప్రన్ ముందే పెరిగింది అదేలా అనే పిల్ల. తల్లి పోయాక ఈ పెద్దమ్మే పెంచింది. ఏడేళ్ళ పిల్ల ఒకరోజు నత్తలు కడుగుతూ పాట అందుకుంది.

"నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా పిల్లా?" అంది ఫ్రాస్కా.

"లేదు పెద్దమ్మా."

"మరి మాటలు నముల్తావేం? మింగితే మింగు, లేకపోతే బయటికి ఊసెయ్."

ఆ పూట చేతులు ఏప్రన్ కిందే ఉండిపోయాయి. పన్నెండో ఏట ఒక చెయ్యి బయటికొచ్చి బల్ల మీద వేలి కణుపులతో తాళం వేసింది. ఒక్క చెయ్యే. ఆ మాత్రానికే పిల్ల వారం రోజులు నేల మీద నడవలేదు.

పదిహేడేళ్ళకి అదేలా హోటల్లో గదులు ఊడ్చే పనికి కుదిరింది. పక్క వీధి లూకాస్ కంప్యూటర్ మీద తాళాలు కట్టేవాడు. వాడి డబడబల మీద ఈ పిల్ల తాతల నాటి గొంతు విరుపులతో పాడితే, పాత కల్లులా కొత్త సోడాలా కాక మూడోదేదో పుట్టింది. ఇద్దరూ మాడ్రిడ్ వెళ్ళారు. రికార్డులు వచ్చాయి, రేడియోలో మోగాయి. పేటలో ముసలాళ్ళు మొహం చిట్లించారు. యంత్రంతో పాటేమిటి, సిగ్గు లేకపోతే సరి అన్నారు.

ఫ్రాస్కా వాళ్ళ మీద విరుచుకుపడింది. "యంత్రం ఏం పాపం చేసిందయ్యా? గిటార్ చెట్టుకి కాసిందా? పిల్ల పాట వినండి ముందు."

కాబట్టి తగువు యంత్రం దగ్గర రాలేదు. వేరే చోట వచ్చింది.

ఇక్కడి గితానో ఇళ్ళల్లో, అంటే ఫ్రాస్కా వాళ్ళలాంటి జిప్సీల ఇళ్ళల్లో, ఒక పాట ఉంది. పెళ్ళినాడు పెళ్ళికూతుర్ని బయటికి తీసుకొచ్చి, భుజాల మీదకి ఎత్తి, చక్కెర పూత బాదంపప్పులు చల్లేటప్పుడు పాడతారు. అప్పుడు తప్ప ఇంకెప్పుడూ పాడరు. తెలియక పిల్లలు కూనిరాగం తీస్తే నోటి మీద ఒక్కటి పడుతుంది. ఒకనాడు స్టూడియోలో జడ దువ్వుకుంటూ అదేలా పరధ్యానంగా ఆ రాగమే తీసింది. లూకాస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, "ఇదే కావాలి, ఇదే!" అంటూ. అదేలాకి తెలియక కాదు. కాసేపు గోళ్ళు కొరుక్కుంది. నాలుగు ముక్కలే కదా అనుకుంది. పాడేసింది.

ఆ పాట దేశాన్ని ఊపేసింది. ఫుట్‌బాల్ మైదానాల్లో పాడారు, టాక్సీల్లో పాడారు, బీరు ప్రకటనలో పెట్టారు. పండక్కి అదేలా పెట్టెల నిండా కానుకలతో ఇంటికొచ్చింది. పెద్దమ్మ చేతులు ఏప్రన్ కింద ఉన్నాయి.

"ఐస్‌క్రీం బండివాడు పాడుకుంటూ పోతున్నాడు," అంది ఫ్రాస్కా. "మీ అమ్మ పెళ్ళిలో మా అమ్మ పాడిన పాట."

"నాలుగు ముక్కలే పెద్దమ్మా..."

"ఓహో. నాలుగు ముక్కలకే ఇంత పరువు పోయింది. మొత్తం పాడావు కాదు, నయం."

ఎవరూ వెలివేయలేదు. చెంపల మీద ముద్దులు పెట్టారు, కడుపునిండా పెట్టారు. పెళ్ళిళ్ళకి మాత్రం పిలవలేదు. పెద్దమ్మ ఇంట్లో తనతో ఒకే మంచం మీద పడుకుని పెరిగిన చెల్లెలి పెళ్ళి కూడా అదేలా ఫోటోల్లోనే చూసింది. గొప్ప గొప్ప బహుమతులు అందుకున్న మనిషి, ఆ ఫోటోలు ముందేసుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

మరుసటి ఏడాది సెవిల్యాలో పెద్ద కచేరీ. జనం ఆ పాటే కావాలని కాళ్ళు నేలకేసి కొడుతున్నారు. అదేలా మైకు పట్టుకుని, "అది నాది కాదు, మా వాళ్ళది. అడక్కుండా తెచ్చుకున్నాను. ఇక పాడను," అంది. ఈలలు, కేకలు. ఒక ప్లాస్టిక్ గ్లాసు వచ్చి భుజానికి తగిలింది. ఆమె అక్కడే నిలబడి తర్వాతి పాట మొదలుపెట్టింది. రికార్డు కంపెనీవాళ్ళు లబోదిబోమన్నారు. హాళ్ళు చిన్నవయ్యాయి. ఆ చిన్న హాళ్ళల్లోనే మునుపటికన్నా బాగా పాడింది, వినేవాళ్ళకి రోమాలు నిక్కబొడుచుకునేటట్టు. ఈ సంగతి ఫోన్ చేసి పెద్దమ్మతో చెప్పుకుందా అంటే అదీ లేదు. అంత గుండె ఎంతమందికి ఉంటుంది?

ఆమె చెప్పకపోయినా సెవిల్యా సంగతి పేటదాకా పాకింది. మళ్ళీ వసంతం వచ్చింది. ఒక ఉదయం ఫోన్ మోగింది.

"ఆదివారం మన ట్రినీ పెళ్ళి. నల్ల గౌను వేసుకురాకు, శవం దగ్గర కూర్చోడానికి వచ్చినట్టుంటావ్."

ట్రినీ ఫ్రాస్కా మనవరాలు. "నన్ను పిలుస్తున్నావా పెద్దమ్మా?"

"కాదు, రాంగ్ నంబర్. వస్తావా, రావా?"

పెళ్ళింటి గుమ్మంలో ఫ్రాస్కా రొట్టెల బుట్ట పట్టుకుని నిలబడింది. పట్టు గౌను మీద కూడా ఏప్రన్ కట్టుకుంది. "ఫోన్లన్నీ ఇందులో పడెయ్యండి. బయటికి పోయింది చాలు," అంది, అదేలా వైపు చూడకుండానే. అదేలా తలొంచుకుని తన ఫోన్ బుట్టలో వేసి, పోయి వంటింటి తలుపు పక్కన నిలబడింది. పిలిచారు, అదే పదివేలు. నోరు మాత్రం తెరవకూడదని ఒట్టు పెట్టుకుంది.

పెళ్ళికూతుర్ని తీసుకొచ్చారు. బాదంపప్పులు వానలా కురిశాయి. మగవాళ్ళు సంతోషం పట్టలేక తమ చొక్కాలు తామే చింపుకుంటున్నారు. ముసలి మామ బస్తియాన్ పాట ఎత్తుకున్నాడు గానీ రెండో చరణంలోనే దగ్గుతెర కమ్మింది. పాట ఆగింది. భుజాల మీద ట్రినీ కంగారుగా ఇటూ అటూ చూసింది. పెళ్ళిపాట సగంలో ఆగితే ఈ ఇళ్ళల్లో ఎంత అపశకునమో అందరికీ తెలుసు.

ఫ్రాస్కా జనాన్ని తోసుకుంటూ తిన్నగా వంటింటి తలుపు దగ్గరకొచ్చింది.

"ఏమే, ఊరంతటికీ వినిపించావు. మన పిల్లకి వినిపించవా?"

"పెద్దమ్మా, నేను... నాకు ఆ..."

"మాటలు నమలకు."

ఏప్రన్ కిందనుంచి చేతులు బయటికొచ్చాయి. రెండూ వచ్చాయి. ముందు మెత్తగా, తర్వాత గట్టిగా తాళం అందుకున్నాయి. అదేలా కళ్ళు తుడుచుకుని, నాలుగు ముక్కలు కాదు, మొత్తం పాట మొదటినుంచీ పాడింది. పాట అయ్యేదాకా ఆ చేతులు ఏప్రన్ జోలికి పోలేదు.