పెద్దమ్మ చెలిమె

పెద్దమ్మ పోయిందని పొద్దున్నే ఫోన్ వచ్చింది. మా అమ్మకు అక్క. అమ్మ కూలికి పోతే నన్ను సాకింది, బడికి పంపింది ఆమే. ఆ రోజు రాస్తారోకో, జగిత్యాల నుంచి ఒక్క బస్సు కదల్లేదు. బస్సులు ఆపినవాళ్లలో నేనూ ఒకణ్ణి, కాబట్టి ఎవర్నీ తిట్టడానికి లేదు. పక్కింటాయన సైకిలు అడుక్కుని మా ఊరికి మల్యాల దారి పట్టాను.

మా వాడకట్టులో బోరింగు నీళ్లు ఉప్పన. పప్పు కూడా ఉడికేది కాదు. అందుకే ఎండాకాలం వచ్చిందంటే వాగు ఇసుకలో చెలిమె తీసుకోవాలి. ఆ పని పెద్దమ్మదే. మోచేతి లోతు గుంట తీసి, మొదట ఊరిన నీళ్లు పారబోసి, పశువులకు పక్కనే ఇంకో గుంట తీసి, అప్పుడు తీరిగ్గా కూర్చునేది. చెలిమె దగ్గర చెప్పులు విప్పాలి. బిందె ముంచకూడదు, కొబ్బరిచిప్పతోనే తోడాలి. ఒకసారి నేను ఆత్రంగా చెంబు ముంచితే వీపు మీద ఒక్కటి వేసింది.

"ఆగురా. అది ఊరద్దా? నీకు ఆత్రమైతే దానికేం ఆత్రం?"

కూలి పనులు తగ్గిన ఏడు వాగులోకి ట్రాక్టర్లు దిగాయి. ఇసుక నింపడానికి మా వాడకట్టంతా పోయింది, పెద్దమ్మ కూడా. పార పడితే మగవాళ్లు ఆమె ముందు చాలేవారు కాదు. వాగంత ఇసుక, ఎంత ఎత్తితే తరుగుతుందిలే అనుకున్నాం అందరం. మా బుద్ధి గడ్డి తిన్నది.

జగిత్యాలలో నేను ఇల్లు మొదలుపెడితే ఆమె సంబరం ఇంతా అంతా కాదు. "ఎక్కడి ఉసికెనో ఎందుకు కొడుకా? మన చెలిమె కాడి ఉసికె పిండి లెక్కుంటది. గోడలకు మంచిగుంటది" అని రెండు రోజులు తనే నిలబడి నింపి పంపింది. ఇల్లు చొచ్చిన రోజు ముందు గది గోడ నిమిరి, "గిది నా ఉసికె" అని వచ్చిన చుట్టాలందరికీ చూపించింది. నేనూ గర్వపడ్డాను.

తర్వాతి ఎండాకాలం చెలిమె నడుము లోతుకు దిగింది. ఆ పై ఏడు నిలువు లోతు. ఆ తర్వాత బండ తేలింది, ఒడ్డున బావులు కూడా ఎండిపోయాయి. ఆడవాళ్లు ఎవరి పొలం బోరు దగ్గరో బిందెలు వరస పెట్టి, కరెంటు ఎప్పుడొస్తుందా అని కూర్చునేవారు. పెద్దమ్మ మాత్రం చిప్ప పట్టుకుని వాగుకు పోయి వట్టి చేతులతో వచ్చేది.

తెలంగాణ ఉద్యమం వచ్చింది. కోరుట్ల సభలో నాకు మైకు దొరికితే గోదావరి నీళ్ల గురించి గంట సేపు మాట్లాడాను. సభ అయ్యాక, వినడానికి వచ్చిన పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"గోదారి నీళ్లు రావాలన్నవ్, మంచిదే. మన వాగుల ఉసికె ఎవడు ఎత్తుకపోయిండు? పరాయోడా? నేనే గద కొడుకా నింపింది."

ఆ తర్వాత రాస్తారోకో ఎప్పుడు జరిగినా ఆమె ముందు వరసలోనే ఉండేది. ఇంత ఎండలో ఎందుకమ్మా అంటే, "తెలంగాణ కోసమే కూసున్న. రోడ్డు బందైతే ఉసికె ట్రాక్టర్లు సుత ఆగుతయి గద" అంది. నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మంచాన పడ్డాక ఆమె అడిగింది ఒక్కటే. "పోయేటప్పుడు నా నోట్ల చెలిమె నీళ్లు పొయ్యి కొడుకా. చిప్పెడు చాలు." పోస్తాలే అన్నాను. అనడానికేం, నోరే కదా.

నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. పెద్దమ్మ బిడ్డ, నాకు చెల్లెలు, ఏడుస్తూనే చిప్ప చేతికిచ్చింది. నలుగురం పారలు పట్టుకుని వాగుకు పోయాం. ఇసుక ఇంకా కాస్త మిగిలిన మూల చూసి ఛాతీ లోతు తవ్వాం. అడుగున తడి తగిలింది. చెప్పులు విప్పి, ఆమె నేర్పినట్టే కూర్చున్నాం. గంట గడిచింది. తడి తడిగానే ఉంది తప్ప చుక్క ఊరలేదు. శవాన్ని ఎండలో ఎంతసేపు ఉంచుతారని ఇంటి నుంచి మనిషిని పంపారు.

ముందురోజు ధర్నాలో పంచగా మిగిలిన నీళ్ల ప్యాకెట్ ఒకటి నా సంచిలో ఉంది. మూల కొరికి, చిప్పలో పోసి, ఆమె నోట్లో పోశాను. పెదవుల పక్కనుంచి కారిపోయాయి.

వచ్చేటప్పుడు చిప్ప తిరిగి ఇవ్వబోతే చెల్లె తీసుకోలేదు.

"నీ ఇంట్లనే ఉండనియ్యి అన్నా. చెలిమె ఆడనే ఉన్నది గద."

చిప్ప ఇప్పుడు మా ముందు గది కిటికీలో, ఆమె నిమిరిన గోడ పక్కనే ఉంది. తవ్విన నాటి ఇసుక అడుగున అంటుకుని ఎండిపోయింది. రోజూ చూస్తాను, కడగబుద్ధి కాదు.