ఎక్కాలు పంచిపెట్టిన టీచరమ్మ

పిల్లలకు చదువు రాకపోతే టీచరును తిట్టడం లోకంలో మామూలే. కానీ మూడో తరగతి మొత్తాన్ని, ఒక్కరిని కూడా వదలకుండా, ఎక్కాలు రానివాళ్ళుగా తయారుచేసి, ఆ ఘనకార్యం చూడండంటూ తల్లిదండ్రులను పిలిపించుకున్న టీచరు గురించి మీరు విని ఉండరు. ఆవిడ ఎవరో కాదు, నేనే. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీరు మాత్రం మొహమాటపడకుండా నవ్వుకోండి. నా సిగ్గు ఎవరికో ఒకరికి పనికిరావాలి కదా.

అవి అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా పైన ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ తగిలే రోజులు. నేను గుంటూరు నుంచి ఇంజనీరింగు డిగ్రీ చేతపట్టుకుని దిగి, లేడీస్ హాస్టల్లో ఉంటూ, పొద్దున ఒక క్లాసూ సాయంత్రం ఒక క్లాసూ వినేదాన్ని. మధ్యలో ఖాళీగా ఉండటం దేనికని పంజగుట్ట వెనక గల్లీలో ఒక చిన్న స్కూల్లో మూడో తరగతి టీచరుగా చేరాను. అప్పటికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు గానీ సాఫ్ట్‌వేర్ మాటలన్నీ వచ్చేశాయి. తా దూర కంత లేదు మెడకో డోలు అంటారే, నాకు కంపెనీ లేదు గానీ మెడ నిండా కంపెనీ కబుర్లే.

ఆ స్కూలు పేరుకు ఇంగ్లీషు మీడియం. ఎక్కాలు మాత్రం తెలుగులోనే చెప్పాలని హెడ్ మేడం అనసూయమ్మ గారి శాసనం. "నోటికొచ్చినంక ఏ మీడియమైనా నడుస్తది బిడ్డా" అనేవారు. ఆవిడ పద్ధతి ఒకటే. సోమవారం వారానికి సరిపడా హోంవర్కు ఇవ్వాలి. శనివారం ప్రతి పిల్లవాణ్ణీ పక్కన నిలబెట్టుకుని అప్పజెప్పించుకోవాలి. శనివారం సాయంత్రమే నాకు జావా క్లాసు. పిల్లలందరూ అప్పజెప్పి ముగించేసరికి అమీర్‌పేటలో మా సారు సగం పాఠం చెప్పేసి చెమట తుడుచుకుంటూ ఉండేవాడు.

ఇలా ఉండగా ఒక సోమవారం నాకు జ్ఞానోదయం అయింది. పొద్దుటి క్లాసులో మా సారు చెప్పాడు: కంపెనీల్లో ఒక్కడే అంతా చెయ్యడు, పనిని ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కనూ మాడ్యూల్ అంటారు, మాడ్యూల్‌కు ఒక మనిషి, టీముకు ఒక లీడరు, చివర్లో అన్నీ కలిపేస్తే ప్రాజెక్టు రెడీ. నేను ఆ పాఠం వేడి చల్లారకుండా తెచ్చి మూడో తరగతికి వడ్డించాను.

"ఇవాళ్టి నుంచి బెంచికి ఒక టీము. టీముకు ఒక లీడరు. ఈ నెలలో రెండు నుంచి పది దాకా ఎక్కాలన్నీ రావాలి. పంచుకుని నేర్చుకోండి. లీడర్లు శుక్రవారం నాకు స్టేటస్ చెబితే చాలు."

మొదటి బెంచిలో రాజు లేచాడు. "టీచర్, పంచుకునుడంటే?"

"నీ వంతు మాడ్యూల్ నువ్వు బాగా చూసుకోవాలి."

"మరి వేరేటోళ్ళది?"

"అది వాళ్ళే చూసుకుంటారు. కంపెనీల్లో అంతే."

"మస్తున్నది టీచర్!" అన్నాడు రాజు. నా బోధన ఒకరికి మస్తుగా ఉండటం అదే మొదటిసారి కాబట్టి నేను మురిసిపోయాను. పిల్లలు ఒకరికొకరు నేర్పుకుంటారని నా ఉద్దేశం. ఇలా పైకి అంటున్నాను గానీ, అసలు ఉద్దేశం జావా క్లాసుకు వేళకు చేరడం. మీ దగ్గర దాపరికం దేనికి?

శుక్రవారం లీడర్లు వరసగా వచ్చారు. అందరిదీ ఒకటే మాట, "కంప్లీట్ టీచర్." పావని అనే లీడరు మాత్రం కాస్త నసిగింది.

"మా బెంచిల ఎనిమిదో ఎక్కానికి కడుపు నొస్తున్నది టీచర్. జర పెండింగ్ ఉన్నది."

ఎక్కానికి కడుపునొప్పి ఏమిటి అని తల ఉన్నవాళ్ళెవరైనా అడుగుతారు. నేను "పరవాలేదమ్మా, సోమవారం కల్లా క్లోజ్ చెయ్యండి" అన్నాను.

కొన్నాళ్ళకు అనసూయమ్మ గారు మా తరగతికి వచ్చారు. ఆవిడ అప్పుడు దిగులుగా ఉన్నారు. పక్క వీధిలో కొత్త స్కూలు వెలిసింది. అక్కడ టైలు, బెల్టులు, అద్దాల తలుపుల కంప్యూటర్ గది. మా పిల్లలు ఒక్కొక్కరే అటు జారిపోతున్నారు. ఆవిడ "ఎక్కాలు ఎట్లున్నయ్?" అనడమే ఆలస్యం, ఒక పిల్ల లేచి రెండో ఎక్కం చెప్పింది, రాజు లేచి మూడో ఎక్కం చెప్పి కూర్చున్నాడు. వెనక నుంచి ఇంకొకడు లేచి నాలుగు, కిటికీ పక్క పిల్ల ఐదు. పది దాకా ఎక్కడా ఆగకుండా సాగిపోయింది.

"ఏం మంత్రమేసినవ్ బిడ్డా?" అన్నారావిడ.

"కంపెనీ పద్ధతి మేడం" అన్నాను వినయంగా. ఆ వినయంలో ఎంత గర్వం ఉందో నాకే తెలుసు.

"వచ్చే శనివారం తల్లిదండ్రులను పిలుస్తా. పిల్లల ఎక్కాలు ఇంటే పోయేటోళ్ళు సుత ఆగుతరు. ఈ బడి నిలబడాల్నంటే గీ శనివారమే దిక్కు. నిన్నే నమ్ముకున్న."

శనివారం రానే వచ్చింది. తరగతి గది నిండిపోయి జనం వరండాలో నిలబడ్డారు. రాజు వాళ్ళ నాన్న నర్సింలు బోరబండలో ఉంటాడు, మేస్త్రి. ఆ రోజు పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనతో పనిచేసే ఇద్దరిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. "మావోని ఎక్కాలు ఇందురు రాండ్రి" అని పిలుచుకొచ్చాడట. పిల్లలు వరసగా లేచి రెండు నుంచి పది దాకా అప్పజెప్పారు. చప్పట్లు మోగాయి. నేను ఒదిగి నమస్కారం పెట్టబోతున్నాను.

"టీచరమ్మా, మా రాజుగాడు ఒక్కడే జెప్తే ఇనాలని ఉన్నది" అన్నాడు నర్సింలు. "రాజూ, ఏడో ఎక్కం జెప్పు బిడ్డా."

రాజు కదల్లేదు. "అది నా మాడ్యూల్ కాదు నాయినా."

"ఏంది?"

"నాది మూడో ఎక్కం. మా బెంచిల ఏడు సంతోష్‌గానిది. వాడు ఇయ్యాల లీవ్‌ల ఉన్నడు."

ఒక తల్లి కంగారుగా తన కొడుకును తొమ్మిది అడిగింది. వాడు నాలుగు చెప్పాడు. ఇంకొకాయన పావనిని "నువ్వన్న ఏదో ఒకటి జెప్పమ్మా" అని బతిమాలాడు.

"నేను టీమ్ లీడర్ అంకుల్" అంది పావని హుందాగా. "లీడర్లకు ఎక్కాలు ఉండయ్. మేము స్టేటస్ చెప్తం."

అప్పుడు అర్థమైంది నాకు, కడుపునొప్పి వచ్చింది ఎవరికో. నా తరగతికి కలిపి చూస్తే అన్ని ఎక్కాలూ వచ్చు. విడదీసి చూస్తే ఒక్కొక్కరికి ఒక్కటే వచ్చు, లీడర్లకు అదీ లేదు. నర్సింలు తన వెంట వచ్చినవాళ్ళ వైపు చూడలేక కొడుకు తల నిమురుతూ నేల చూస్తున్నాడు. ఆ మనిషి నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. నాకు చచ్చేంత సిగ్గేసింది. గుంటూరు బస్సు ఎన్నింటికా అని ఆలోచించాను.

ఇంతలో వరండా నుంచి ఒక ముసలమ్మ అడిగింది, "మరి టీచరమ్మకన్న వస్తయా? పెద్ద సదువు సదివింది గదా, పదమూడు జెప్పుమను."

ఇదొక్కటే నన్ను కాపాడే తాడు అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు..." ఆరు దాకా బాగానే నడిచింది. "పదమూడార్లు డెబ్భై ఎనిమిది. పదమూడేళ్ళు... పదమూడేళ్ళు..." ఇంజనీరింగులో కాలిక్యులేటర్ నా నోట్లోంచి ఆ ఎక్కం ఎప్పుడో లాక్కుని తినేసింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

నా అవస్థ చూడలేక రాజు లేచి నిలబడ్డాడు. "ఊకోండ్రి" అన్నాడు అందరితో, నా మీద నిజమైన జాలితో. "అది టీచర్ మాడ్యూల్ కాదు."

మొదట నవ్వింది నర్సింలే. తరవాత గది, వరండా, గల్లీలో ఆగి చూస్తున్న కూరగాయల బండి అతనూ. నవ్వనిది ఇద్దరమే, నేనూ అనసూయమ్మ గారూ. ఆవిడ లేచి చేతులు జోడించారు. "ఒక్క నెల ఆగుండ్రి. ప్రతి పిల్లగానికి అన్ని ఎక్కాలు రాకుంటే, మీ పిల్లలను తోల్కపోండ్రి. నేనేమన." నా వైపు తిరిగి, "నువ్వు సుత అప్పజెప్పాలె" అన్నారు.

సాయంత్రం జావా క్లాసు మానేశాను. రోజూ బడి వదిలాక పిల్లల పక్కనే బెంచి మీద కూర్చుని వల్లె వేశాను. నాకు తప్పులు దిద్దింది పావని. దిద్దడం ఆ పిల్లకు స్టేటస్ చెప్పడం కన్నా బాగా నచ్చింది.

నెల తిరిగాక నర్సింలు అదే ఇస్త్రీ చొక్కాలో, ఆ ఇద్దరితోనే వచ్చాడు. రాజు ఏడో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. నర్సింలు కళ్ళు తుడుచుకుని, "ఇగ మీరు టీచరమ్మా" అన్నాడు. చెప్పాను. పదమూడేళ్ళు తొంభై ఒకటి దగ్గర ఆగలేదు. "ఇద్దరు పాసే" అన్నాడాయన. ఆ ఏడాది ఇంకెవరూ మా బడి మానలేదు. పక్క స్కూల్లో కంప్యూటర్లున్నాయి గానీ పిల్లలతో కలిసి అప్పజెప్పే టీచరు లేదని నర్సింలే బోరబండంతా చెప్పాడని తరవాత విన్నాను.

అందుచేత పాఠక మహాశయులారా, నల్లబల్ల సాక్షిగా, సుద్దముక్క సాక్షిగా, కడుపునొప్పి వచ్చిన ఆ ఎనిమిదో ఎక్కం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఎవరికీ ఎక్కాలు పంచను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అడిగినా పదమూడో ఎక్కం నిలబడి అప్పజెబుతాను.

పద్నాలుగు మాత్రం అడక్కండి. అది నా మాడ్యూల్ కాదు.