అందరూ మొదటి గడిలోనే

ఒకే ఆటలో పాస్టరమ్మను, పాస్టరయ్యను, సంఘపెద్దను వరసగా తలదించుకునేలా చేసిన ఘనత మా సిద్దిపేటలో నాకొక్కదానికే దక్కింది. అదెలా సాధించానో చెబుతాను. మీలో ఎవరైనా ఆదివారం బడి టీచర్లుంటే కాస్త గోడకు ఆనుకొని చదవండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. వాక్యం చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్న వయసు. శనివారం సాయంత్రాలు మందిరంలో పిల్లలకు బడి నడుపుతూ, వాళ్లతో ఒక కథలాట తయారు చేయిస్తున్నాను. దారి తప్పిన బాటసారి అడవి దాటి తండ్రి ఇంట్లో విందుకు చేరాలి. అట్ట మీద గడులు, ఒక పాచిక, ఆగిన చోటల్లా తీసి చదవాల్సిన కార్డులు.

సంఘపెద్ద సత్యానందం పెద్దయ్యకు పాచిక చప్పుడు వినగానే ఒళ్లు మండింది.

"ఏంది బిడ్డా గిది? ప్రార్థన చేసే జాగనా, పత్తాలాడే జాగనా?"

పాస్టరయ్య మధ్యలోకి వచ్చారు. "రేపు ఆరాధన అయినంక మనమే ఒకసారి ఆడి చూద్దాం పెద్దయ్యా. మంచిగుంటే శనివారం బడి నడుస్తది. లేకుంటే బందు."

నా బడి ప్రాణం ఆ అట్టముక్క మీదికి వచ్చి పడింది. పిల్లల కార్డులు చూస్తే అన్నిట్లోనూ పులులే. నాకు ఉపదేశం పొంగుకొచ్చింది.

"మన సంఘంలో సాక్ష్యం ఎట్ల చెప్తరు? కండ్లతోని చూసింది చెప్తరు. కార్డు గూడ అట్లనే రాయాలె. మనిషిని తండ్రి ఇంటికి పోనియ్యకుండ ఆపే తప్పు ఏదో అది రాయండి."

"ఉన్నదున్నట్టా అక్కా?" అని అడిగింది కీర్తన. పన్నెండేళ్ల పిల్ల, సత్యానందం పెద్దయ్య మనవరాలు.

తెలివైనవాళ్లయితే అక్కడ ఒక్క నిమిషం ఆగేవాళ్లు. నేను "ఉన్నదున్నట్టే!" అని చప్పట్లు కూడా కొట్టాను. ఒకరి సాక్ష్యాన్ని ఇంకొకరు దిద్దడం మా దగ్గర లేదు కదా! అందుకని వాళ్లు కొత్తగా రాసిచ్చిన కార్డులు చదవనైనా చదవకుండా కట్ట కట్టాను.

ఆదివారం వచ్చింది. సంఘమంతా చుట్టూ మూగింది. బయట విందు గిన్నెలు దించారు, మసాలా వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. మొదటి కార్డు పాస్టరమ్మ తీశారు.

"'పక్కింటామెతోని మాటలు బందువెట్టి, మందిరంల పాటలు పాడినవు. మొదటి గడికి పో.'"

పాస్టరమ్మ పక్కింటామె రెండో వరసలోనే ఉంది. ఆమె పైకప్పును చూస్తోంది, పాస్టరమ్మ నేలను చూస్తున్నారు.

తర్వాత పాస్టరయ్య. "'ఆఖరు మాట చెప్పి ముగిస్త అన్నవు. అర్ధగంటైనా ముగియలే. మొదటి గడికి పో.'"

"ఆమెన్!" అన్నది సంఘం. అంత గట్టి ఆమెన్ ఆయన ప్రసంగానికి ఎన్నడూ రాలేదు.

ఇక పెద్దయ్య. కళ్లజోడు సవరించుకున్నాడు. "'అందరిని కండ్లు మూసుకోమని, నువ్వు తెరిచి, ఎవలు నిద్రపోతున్నరో చూసినవు. మొదటి గడికి పో.' గిది ఎవలు రాసిన్రు?"

"నేనే తాతా, సాక్ష్యం."

"మరి నేను తెరిచింది నీకెట్ల తెలిసింది?"

"నాకు గూడ ఒక కార్డు రాసుకున్న తాతా."

నేను గోడలో కలిసిపోగలిగితే ఆ క్షణమే సున్నంలా అంటుకుపోయేదాన్ని. ఆట సాగింది అంటే అబద్ధమవుతుంది. ఎవరు ఏ కార్డు తీసినా వెనక్కే. పావులన్నీ మొదటి గడిలో కోహెడ బస్సు కోసం నిలబడ్డ జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ముందటికి పోయే కార్డు ఒక్కటన్న లేదా బిడ్డా?" అన్నాడు పెద్దయ్య.

కట్టంతా తిరగేశాను. లేదు. ప్రతి వారం కృప గురించి గొంతు పోయేలా చెప్పే నేను, ఆటలో కృపకు ఒక్క కార్డయినా పెట్టలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక బడి లేదనుకొని అట్ట మడవబోయాను.

"ఆగు. ఒక ఖాళీ కార్డు, పెన్ను ఇయ్యి."

పెద్దయ్య ఏదో రాసి, కట్ట మీద పెట్టి, తానే తీసి చదివాడు.

"'తండ్రి బయటికొచ్చి పిలుస్తుండు. అన్నం సల్లగైతుంది, ఎవలు ఏడున్నా లోపటికి రాండ్రి.'"

పావులన్నిటినీ ఒక్క గుప్పిట పట్టి విందు గడిలో కుమ్మరించాడు.

"పెద్దయ్యా, గిది న్యాయమేనా?" అన్నారు పాస్టరయ్య నవ్వుతూ.

"కాదు అయ్యగారూ. గందుకే మంచిగున్నది." నా వైపు తిరిగాడు. "బడి నడుపు బిడ్డా. ఇగ లెవ్వుండ్రి, ఆకలైతుంది."

నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. అంత చిన్నది, అంత లోతైనది మాత్రం అదొక్కటే. దేవునికి స్తోత్రం, ఆ పెద్దయ్యకు వందనం. బడి ఇప్పటికీ నడుస్తోంది.

కనుక సంఘం ఎదుట, మోకాళ్ల మీద నిలిచి ప్రమాణం చేస్తున్నాను: పిల్లలు రాసిన కార్డును ముందుగా చదవకుండా ఏ పెద్దమనిషి చేతిలోనూ పెట్టను. చదివినప్పుడు నాకు నవ్వు ఆగకపోతే మాత్రం, ఒక్క అక్షరం మార్చకుండా పెడతాను.