గునుగు పీకని చేను

ఈసారి బతుకమ్మను మా తెలుగు సంఘం హాల్లో ప్లాస్టిక్ టబ్బులో వదిలారు. సూరత్‌లో మా డిండోలి చుట్టుపక్కల టవర్ల మధ్య ఇంక నీళ్లెక్కడివి? గునుగు పూలు దొరకక కాగితప్పూలు పేర్చారు. ఇక్కడే పుట్టి పెరిగిన మా తమ్ముడి కొడుకు మైకు పట్టుకుని, "ఈ జమీన్ బా మనకు ప్రేమ్ సే ఇచ్చింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా భార్య కొట్టలేదు. బా ఇవ్వలేదని తెలిసినవాళ్లం ఇప్పుడు మేమిద్దరమే.

బా అంటే గుజరాతీలో అమ్మ. మా ఇంటి ఓనరమ్మను అందరూ అలాగే పిలిచేవాళ్లు. అప్పటికి ఇది ఇంకా ఊరే. నేను బట్టల మిల్లులో లూమ్ దిగి ఆ చప్పుడు చెవుల్లో మోసుకుని వచ్చేసరికి బా గేదెలతో మాట్లాడుతూ ఉండేది. వాటితోనూ నాతోనూ ఒకటే గొంతు. ఇంటి వెనక చిన్న చేను. పట్టా కాగితం లేదు గానీ బా మామగారి కాలం నుంచి వాళ్లే దున్నుతున్నారు. వంకాయలు, చిక్కుడు. వానలకు మధ్యమధ్య గునుగు లేచేది. కొత్తగా కాపురానికొచ్చిన నా భార్య ఆ పూలు చూసి గట్టు మీదే కూలబడింది. సూరత్‌లో ఆమెకు తెలిసిన మొదటి మొఖం అదే. "బతుకమ్మ దాకా పీకొద్దని జర చెప్పయ్యా" అంది. చెప్పాను. "మేం పీకి పారేసే గడ్డికి మీరు మొక్కుతారా? సరే, నా నడుముకూ సెలవు" అని బా నవ్వింది. ఆ ఏటి నుంచి పండగ దాటేదాకా చేను ముట్టేది కాదు. గేదె మూతి పెడితే, "అది తెలుగువాళ్ల దేవత, వెనక్కి రా" అని కసిరేది. చేను చివరి గుంటలో మావాళ్లు బతుకమ్మను వదులుతుంటే ఒడ్డున కూర్చుని తాళం తప్పి చప్పట్లు కొట్టేది.

తర్వాత రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట బిల్డర్లు. ఆ చేను ఎవరైనా సాగు చేస్తున్నారా అని రాసుకోవడానికి సర్కారు మనుషులొచ్చిన రోజు గునుగు నడుమెత్తున ఉంది. బా కంటి ఆపరేషన్‌కు దవాఖానలో ఉంది. ఆ ఇంట్లో అద్దెకుండేవాణ్ని కాబట్టి సాక్షిగా నన్ను పిలిచారు. బిల్డరు మనిషి నా భుజం మీద చెయ్యేసి, "ఇక్కడే ఓ మూల మీవాళ్లకు హాలు కట్టిస్తాం భాయ్. ఉన్నదే చెప్పు, గడ్డే కదా ఉంది" అన్నాడు. గడ్డే ఉంది. ఎందుకుందో నాకు తెలుసు. కలుపు తప్ప ఏమీ లేదు, ఎవరూ సాగు చేయడం లేదు అన్న కాగితం కింద సంతకం పెట్టాను. అప్పుడు సంఘం పెద్దను నేను. హాలు నా చేతుల మీదుగా రావాలనుకున్నాను.

బా నల్లద్దాలతో తిరిగొచ్చి ఒక్కటే అడిగింది. "గడ్డి ఎందుకు పీకలేదో చెప్పావా భాయ్?"

"వాళ్లు అడగలేదు బా."

తలూపింది. ఆ కాగితంతో చేను బిల్డరు చేతికి పోయాక, గేదెలను అమ్మేసి కూతురి ఊరికి వెళ్లిపోయింది. ఆ రోజు అన్నం పెడుతూ నా భార్య, "నేను అడిగితెనే గదా ఆమె పీకలే. గిండ్ల నన్నెందుకు కలిపినవ్?" అంది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. కొన్నేళ్లకు బా పోయిందని ఫోనొచ్చింది. విని, డబ్బా సర్దుకుని డ్యూటీకి పోయాను. ఏడుపేమీ రాలేదు, ఇప్పటికీ రాదు.

మొన్న టబ్బులో బతుకమ్మ కదలడానికి చోటు లేక అంచుకు ఆనుకుని నిలబడిపోయింది. పక్కనున్న పెద్దాయన, "కాలం అంతా మార్చేసింది" అన్నాడు. నేను ఊఁ అన్నాను. కాలం ఆ చేనుకు తర్వాత వచ్చింది. సంతకంతో ముందు వెళ్లింది నేను.